జాగేశ్వర్ దేవదారుల జోలికి వెళ్లకండి

ఉత్తరాఖండ్ ముఖ్యమంత్రి గారికి,

అల్మోరా జిల్లాలోని జాగేశ్వర్‌ను దర్శించుకున్న తెలుగు యాత్రికుల్లో ఒకరిగా ఈ విన్నపం చేస్తున్నాను.

సుమారు 1,870 మీటర్ల ఎత్తున, జటాగంగ పారే ఇరుకు లోయలో, వందకు పైగా రాతి గుడులున్న ఊరది. వాటిలో పాతవి 7వ శతాబ్దం నాటివని చెబుతారు. గుడులకు పురావస్తు శాఖ రక్షణ ఉంది. వాటిని చుట్టుకుని ఉన్న దేవదారు అడవికీ అంతే రక్షణ కావాలి.

ఆర్తోలా నుంచి జాగేశ్వర్‌కు వెళ్లే మూడు కిలోమీటర్ల రోడ్డును వెడల్పు చేయడానికి 2024లో దాదాపు వెయ్యి దేవదారులకు గుర్తులు వేశారు. ఆ చెట్లను దైవంగా కొలిచే ఊరివాళ్లు అడ్డుకున్నారు. మీ ప్రభుత్వం మళ్లీ సర్వే చేయమంది. సంతోషం. కానీ సర్వేతో ఆగితే చాలదు.

కొండవాలున మట్టిని పట్టి ఉంచేవి ఆ చెట్ల వేళ్లే. తరాల తరబడి ఎదిగిన చెట్టును నరికేశాక, మొక్క నాటి లెక్క సరిచేయలేం.

యాత్రికుల కార్లను ఆర్తోలా దగ్గరే ఆపించండి. అక్కడి నుంచి చిన్న బ్యాటరీ బండ్లు నడపండి. వృద్ధులకు, నడవలేనివారికి ముందు చోటివ్వండి. స్థానిక యువతకే ఆ పని అప్పగించండి. ఓపికున్నవాళ్లం నడుస్తాం. దేవుడి దగ్గరికి కాస్త ఆలస్యంగా చేరితే మాకు నష్టం లేదు.

ఈ రోడ్డు కోసం ఒక్క దేవదారునూ కొట్టబోమని రాతపూర్వకంగా ప్రకటించండి.

భవదీయుడు,
ఒక తెలుగు యాత్రికుడు