మర్యాద పోయినదనువారికి

పెద్దలు నలుగురు కూడినచోట, అది పెండ్లిపందిరి యైనను, విశ్రాంత ఉద్యోగుల సంఘ భవనమైనను, ఉదయపు నడక ముగించి చాయ్ త్రాగెడి హోటలైనను, ప్రస్తావన ప్రయాణముల మీదికి మరలిన వెంటనే వినవచ్చెడి మాట యొకటి కలదు: వెనుకటి దినములలో మర్యాద యుండెడిదనియు, ఇప్పుడది పోయినదనియు. సాక్ష్యమునకు సూర్యాపేట బస్టాండును చూపుదురు. కోదాడ బస్సు వచ్చి నిలువకమునుపే జనులు తలుపుమీద పడుదురనియు, కిటికీలగుండ తువ్వాలలు, చేతిసంచులు లోనికి పోవుచుండుననియు, దిగువానిని దిగనీయక ఎక్కువాడు ఎక్కుచున్నాడనియు, కాలు త్రొక్కినవాడు తిరిగియైన చూడడనియు ఏకరువు పెట్టుదురు. 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకము క్రింద స్త్రీలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఉచిత ప్రయాణము వచ్చినది మొదలు ఈ ఏకరువునకు క్రొత్త అధ్యాయము చేరినది: ఊరికే వచ్చినదానికి విలువ లేదనియు, ఆడవాండ్రు సీటుకొరకు సిగలు పట్టుకొనుచున్నారనియు.

ఈ సంగతులు కల్లలని నేననను. సూర్యాపేటనుండి కోదాడకో, కోదాడనుండి హుజూర్‌నగర్, నేరేడుచర్లల మీదుగా మిర్యాలగూడకో కళాశాలలు విడిచిన వేళ బస్సులో పోయినవాడెవ్వడును తోపులాటను కాదనజాలడు. నా తగవు సంగతులతో లేదు, వానినుండి వారు లాగుచున్న సిద్ధాంతముతో నున్నది. మర్యాద యనునది జనుల గుణమట. అది పూర్వులయందు నిండుగ నుండి మనయందు క్షీణించినదట. చదువు లేనివారియందును, పేదలయందును బొత్తిగా లేదట. ఎంత ప్రచారమున నున్నదో అంత తప్పైన సిద్ధాంతమిది.

వెనుకటి దినములనగా ఏ దినములు? సూర్యాపేట, హుజూర్‌నగర్, మిర్యాలగూడలు నిజాం రాజ్యమున నల్లగొండ జిల్లా తాలూకాలై యుండిన దినములనుదురేని, నాటి మర్యాదను చవిచూచినవారు చెప్పిపోయిన కథ వేరు. దొరగడి ముందుగా పోవలసిన కూలివాడు చెప్పులు విడిచి చేతబట్టుకొని, తలగుడ్డ తీసి, నడుము వంచి నడచెడివాడు. తన వాకిట తన మంచముపై కూర్చున్నవాడు దొర కనబడగానే లేచి నిలిచెడివాడు. నోరు తెరచిన ప్రతిసారియు 'నీ బాంచెన్, కాల్మొక్త' అని మొదలుపెట్టెడివాడు. సర్కారు అధికారి పర్యటనకు వెడలినచో బండి కట్టువారు, సామాను మోయువారు, నీళ్లు తోడువారు, కట్టెలు తెచ్చువారు అందరును వెట్టివారే. వారికి కూలి లేదు, కాదనుటకు నోరు లేదు. అట్టి ప్రయాణమున అధికారి కాలు ఎవడును త్రొక్కలేదు, అతని పెట్టె పోలేదు, అతని చోటున మరియొకడు కూర్చుండలేదు. చక్రము దిగబడినప్పుడు బురదలోనికి దిగినవాడు అతడు కాడు. మార్గమునందలి చిన్న చిన్న ఆపదలన్నియు అప్పుడును ఉండెను గాని, అవి యొక వర్గము నెత్తిననే పడుచుండుటచేత రెండవ వర్గమునకు ప్రయాణము మర్యాదగా తోచుచుండెను.

ఆ మర్యాద క్రిందినుండి పైకే నడచినది. పైనుండి క్రిందికి ఒక అడుగైన దిగి వచ్చినది కాదు. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన తొలిసారి కూడిన ఆంధ్రమహాసభ క్రమక్రమముగా వెట్టిపై గొంతెత్తినది. 1946 మొదలు 1951 వరకు సాగిన సాయుధ పోరాటమున సూర్యాపేట, హుజూర్‌నగర్ తాలూకాల పల్లెలు ముందువరుసన నిలిచినవి. భూస్వాముల ఇంట పుట్టిన భీమిరెడ్డి నరసింహారెడ్డియు, అతని చెల్లెలు మల్లు స్వరాజ్యమును దొరతనమును విడిచి కూలిజనము పక్షమున చేరిరి. వంగిన నడుములు అప్పుడు నిటారైనవి. అట్లు నిటారుగా నిలిచినవాని మనుమడు నేడు బస్సులో మన ప్రక్కన భుజమునకు భుజము రాచుకొని కూర్చున్నప్పుడు 'మర్యాద పోయినది' అని నిట్టూర్చుట, నిట్టూర్చువానికి తెలియకున్నను, కూలిన గడికై నిట్టూర్చుటయే.

మేము చెప్పునది గడీల కాలము గాదు, స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మటి దినములని కొందరు సవరించుకొందురు. సరియే. 1932లో నిజాం ప్రభుత్వ రైల్వే క్రింద 27 బస్సులతో మొదలైన రోడ్డు రవాణా, 1958 జనవరి 11న ఏర్పడిన ఆర్టీసీ చేతికి వచ్చి పల్లెలకు ప్రాకుచున్న ఆ దినములలో బస్సులు కొద్ది, ప్రయాణికులును కొద్ది. పంతులుగారో పట్వారీగారో ఎక్కినంతనే రైతు లేచి చోటిచ్చెడివాడు. దానిని తలచుకొని నేటికిని కొందరు కన్నీరు పెట్టుకొందురు. నేడు ఆ రైతు మనుమరాలు డిగ్రీ పుస్తకములను ఒడిలో పెట్టుకొని కూర్చున్నది. ఆమె పంతులుగారికి లేవదు. చంటిబిడ్డను చంకనెత్తుకొనిన తల్లికి లేచును, కట్టె పట్టుకొని ఎక్కిన ముసలివానికి లేచును. హోదాకు లేచుట మాని అవసరమునకు లేచుట నేర్చినది. దీనిని క్షీణతయని ఎట్లందుము?

ఇక తోపులాట. మనవారికి వరుసలో నిలుచుట తెలియదను నింద ఎంత ప్రబలమనిన, నిందింపబడువారును దానిని నమ్ముచున్నారు. 2025 వానాకాలమున యూరియా కొరత వచ్చినప్పుడు తెలంగాణ పల్లెలలో సహకార సంఘముల యెదుట ఏమి జరిగినదో జ్ఞప్తికి తెచ్చుకొనుడు. రైతులు తెల్లవారకమునుపే వచ్చి తమ చెప్పులను వరుసగా పెట్టి, చెట్టునీడకు పోయి కూర్చుండిరి. యజమాని లేని చెప్పు గంటలకొలది తన స్థానమున తాను నిలిచినది. వెనుకనున్న చెప్పు ముందునకు దుమికినది కాదు. కోతల కాలమున మిర్యాలగూడ రైసుమిల్లుల ముందు ధాన్యపు ట్రాక్టర్లు బారులు తీరి, రైతు వడ్లమీదనే రాత్రి నిద్రించి, తెల్లవారి తన వంతు రాగానే ముందుకు సాగుట ఆ పట్టణమున అందరెరిగిన దృశ్యమే. వరుస తెలియని జాతి చేయు పనులా ఇవి?

మరి బస్టాండులో ఆ రైతే ఎందుకు త్రోయుచున్నాడనగా, మిల్లు తన చోటినుండి కదలదు. బస్సు నేడొకచోట నిలుచును, రేపొకచోట నిలుచును. దాని తలుపు ఎచట ఆగునో ఎవనికిని తెలియనప్పుడు, తల యెక్కడో తెలియని వరుసకు తోక యెక్కడ? తరువాతి బస్సు ఎప్పుడు వచ్చునో, అసలు వచ్చునో రాదో చెప్పువాడు లేడు. చీకటి పడినచో ఊరికి రెండు కిలోమీటర్ల దూరమున రోడ్డుమీద దిగి నడువవలసిన ఆడకూతురికి ఆ బస్సు దక్కుట సౌఖ్యము గాదు, క్షేమము. ఆమె త్రోపును అమర్యాద యనుట సులభము. అనువానిని ఆమె చోట నిలిపి చూడవలెను. ఇంతటి కొరతలోను కిటికీగుండ విసరిన తువ్వాల కెంత గౌరవమో గమనింపుడు. అది ఏ పోలీసును రక్షణ నీయని గుడ్డపేలిక. దానిని తీసి పారవేసి కూర్చుండువాడు నూటికొకడైన కనబడడు, కనబడినచో బస్సు బస్సంతయు న్యాయస్థానమై తీర్పు చెప్పును.

తలుపు దాటిన పిమ్మట జరుగునది మన విమర్శకుల కంటబడదు. ఒక వేసవి మధ్యాహ్నము కోదాడలో బయలుదేరిన మిర్యాలగూడ పల్లెవెలుగులో, ఎక్కెడి సందడిలో ఒక యువకుని బూటు క్రింద పడి ఒక ముసలమ్మ హవాయి చెప్పు ఉంగటము ఊడినది. 'కండ్లు నెత్తికెక్కినయా పిలగా?' అని ఆమె గద్దించినది. 'గింత ఇరుకుల ఏడ తొక్కిననో నాకేమెరుకనే పెద్దమ్మా!' అని అతడును అంతే గట్టిగా బదులు పలికినాడు. మర్యాదగ్రంథములు చదివినవాడు అంతటితో పుస్తకము మూసివేయును. కాని ప్రక్కసీటులోని స్త్రీ తన పుస్తెలతాటికున్న పిన్నీసులలో నొకటి తీసి 'ఇగో, ఇది పెట్టుండ్రి' అని చేయి చాచినది. యువకుడు దానిని పుచ్చుకొని, బస్సు ఊగుచుండగా ఒక చేత కమ్మిని పట్టుకొని, ఆ జనములోనే క్రిందికి వంగి, ఉంగటపు బొడిపెను రంధ్రములోనికి నొక్కి, అడుగున పిన్నీసు గ్రుచ్చి, చెప్పును ఆమె కాలియొద్ద పెట్టినాడు. ఎవరి కాలికిని వంగనక్కరలేని కాలమున పుట్టినవాడు ఒక కూలి ముసలమ్మ కాలియొద్ద వంగినాడు. వంగుమని ఎవరును ఆజ్ఞాపింపలేదు. హుజూర్‌నగర్ వచ్చువరకు అతని సంచి ఆమె ఒడిలో నుండెను.

ఇట్టివి ప్రతి బస్సులోను జరుగుచుండును. వెనుకసీటువాని నోటు పదిచేతులు మారి కండక్టరును చేరును. టికెట్టును, చిల్లరయు ఆ పదిచేతుల మీదుగనే తిరిగి వచ్చును. నడుమ రూపాయి తరుగదు. చిల్లర లేనప్పుడు కండక్టరు బాకీని టికెట్టు వెనుక వ్రాసి యిచ్చును. దిగువేళ అది మరచిన ముసలివానికి ప్రక్కవాడు జ్ఞాపకము చేయును. కడుపులో త్రిప్పుచున్న పిల్లవానికి కిటికీసీటు దొరకును, ఎవరి సంచిలోనుండియో నిమ్మకాయ వచ్చును. పోట్లాటను ఫోనులో చిత్రించి ఊరూర త్రిప్పుదురు. సర్దుబాటును చిత్రించువాడు లేడు. చూపబడినదే లోకమనుకొను తీర్పరి తీర్పు అంతకన్న మెరుగుగా నుండదు.

ఉచిత ప్రయాణమును గూర్చిన నింద మరింత విచిత్రము. స్త్రీ చేతిలోని జీరో టికెట్టు వెల లేనిది గాదు; ఆ వెలను ప్రభుత్వము సంస్థకు చెల్లించుచున్నది. ఆస్పత్రికి పోవుటకో, తల్లిని చూచి వచ్చుటకో బస్సుఛార్జీ లెక్కవేసికొని ఇంట నిలిచిపోయిన స్త్రీలు నేడు బయలుదేరినారు. వారు పెరిగిన పాళ్లలో బస్సులు పెరుగలేదని బస్టాండున అరగంట నిలిచిన ఎవనికైనను తెలియును. 'డబ్బిచ్చి నిలబడుచున్నాము' అని గొణుగు పురుషులకు ఒక ప్రశ్న. 'స్త్రీలకు' అని సీటుపైన వ్రాసియున్నను, దాని క్రింద కూర్చుండి నిద్ర నటించిన మగవారు దశాబ్దములుగా ఎందరు? స్త్రీలను గౌరవింపుడని బస్సుగోడమీద వ్రాయింపవలసి వచ్చిన దినములను మర్యాదగల దినములనుట ఏ న్యాయము?

చదువునకును, కలిమికిని మర్యాద వెంటబడి వచ్చుననువారు సంక్రాంతికి ముందు 65వ జాతీయ రహదారిని చూడవలెను. హైదరాబాదునుండి సూర్యాపేట, కోదాడల మీదుగా ఆంధ్రకు పోవు కార్లు పంతంగి, కొర్లపహాడ్ టోల్‌గేట్ల వద్ద బారులు తీరును. ఆ కార్లలో ప్రతివానికి తన సీటున్నది, చల్లని గాలియున్నది, పెద్ద చదువున్నది. కొరవడినది త్రోవ యొక్కటే. అది కొరవడిన క్షణముననే హారను మ్రోగును, కారు రోడ్డు దిగి మట్టిలోగుండ ముందునకు దూరును, లైను మారి అడ్డము వచ్చును. సీటు కరవైన పేదవాడు చేసినదే త్రోవ కరవైన ధనికుడును చేసినాడు. అది అనాగరికత యట, ఇది తొందర యట!

సమర్థింపరానివి లేకపోలేదు. ఫోనులో పాటలు బస్సంతకు వినిపించుట, గుట్కా నమలి కిటికీగుండ ఉమిసి వెనుకవాని మొగమును పాడుచేయుట, చిల్లర అడిగినవానిపై కండక్టరు విసుగుకొనుట, ఇవి తప్పులే. కొరతవలన పుట్టినవి గావు గనుక కొరత వీనికి సాకు కాజాలదు. అయితే 'అన్నా, జర సౌండ్ తక్కువ చెయ్' అని ఎదుట చెప్పినచో తగ్గింపనివాడు అరుదు. ఎదుట చెప్పక, ఇంటికి పోయి లోకము చెడినదని వాపోవుట మర్యాద గాదు, పిరికితనము.

కావలసినవి ఉపన్యాసములు గావు. బస్సు ప్రతిదినము ఒకేచోట నిలుచునట్లు గీతయు, ఆ గీతకు చేర్చి కమ్ములును, నిజము చెప్పు వేళల పట్టికయు, కళాశాలలు విడుచు వేళకు అదనపు బస్సులును ఏర్పరచి చూడుడు. ఆ పిమ్మటను జనులు ఒకరి కాలొకరు త్రొక్కుకొనుచునే యుందురేని, అప్పుడు గుణమును గూర్చి మాటలాడవచ్చును. మర్యాద పోయినదను మాట మాత్రము నేడే మానవలెను. ఎవరికి లేచి నిలువవలెనో, ఎవరికి నిలువనక్కరలేదో జనులు ఇప్పుడు తమంతట తాము నిర్ణయించుకొనుచున్నారు. ఆ నిర్ణయమున తమకు మునుపటి వాటా దక్కనివారు, ఆ నష్టమును మర్యాద పేరిట లోకమునకు లెక్క వ్రాయుట ధర్మము కాదు.