అన్‌సబ్‌స్క్రైబ్ బటన్ దాతలకేనా, మన పిల్లలకి లేదా?



మన పాడేరు ఏజెన్సీలో పనిచేసే ఒక స్వచ్ఛంద సంస్థ నెలనెలా దాతలకి ఈమెయిల్‌లో న్యూస్‌లెటర్ పంపుతుంది. పేరు అనవసరం, ఇలా చేసేది అదొక్కటే కాదు. మాలో ఒకరు వాలంటీర్‌గా పేరు రాయించుకుని ఆ జాబితాలో పడ్డారు. ఆగస్టు మెయిల్ తెరిస్తే పైనే మా గూడెం పిల్ల ఫొటో. మోకాళ్ల దాకా బురద. తిండి లేక బడి మానేసిన చిన్నారి అని కింద రాశారు. ఆ పిల్ల ఆదివారం వాళ్లమ్మతో నాట్లకి వెళ్లింది, అంతే. సోమవారం ఆశ్రమ పాఠశాలలోనే ఉంది.

అడిగితే, అక్కడ పనిచేసే మన సీనియర్ అన్న ఒకాయన "అలా రాస్తేనే తెరుస్తారు తమ్ముడూ" అన్నాడు. నిజమే, వాళ్ల దగ్గర లెక్కుంటుంది. ఎంతమంది మెయిల్ తెరిచారో, ఎంతమంది విరాళం బటన్ నొక్కారో కంప్యూటరే చెప్తుంది. రెండు శీర్షికలు కొద్దిమందికి పంపి చూసి, ఎక్కువమంది తెరిచినదాన్నే మిగతా వాళ్లందరికీ పంపొచ్చు. అంటే మన ఆకలీ మన చదువూ అక్కడ పోటీ పడాలన్నమాట. దాత పేరు మాత్రం ఒక్క అక్షరం తప్పు పోదు. మా గూడెం పేరు ఒకే మెయిల్‌లో రెండు రకాలుగా ఉంది!

సాయాన్ని మేం తప్పు పట్టట్లేదు. ఆ డబ్బుతో వచ్చిన నోటు పుస్తకాల్లోనే మేమూ రాసుకున్నాం. డబ్బిచ్చినవాళ్లకి ఉత్తరం రాయాల్సిందే. కానీ బోరు వేశామని రాసినవాళ్లు, దాని హ్యాండిల్ విరిగి నాలుగు నెలలైందని ఎందుకు రాయలేదు? అది రాస్తే దాత పారిపోతాడా? బాగు చేయించడానికే ఇస్తాడని మా నమ్మకం.

1997 సమత తీర్పు గుర్తుందా? షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా ప్రైవేటు గనుల కంపెనీలకి లీజుకివ్వకూడదని సుప్రీంకోర్టు చెప్పింది అందులోనే. ఆ కేసు వేసిందీ ఒక స్వచ్ఛంద సంస్థే. అక్కడ నిలబడింది 1/70 చట్టం, మన భూమి హక్కు. ఎవరి జాలీ కాదు. ఈ మెయిళ్లలో అలాంటి మాట ఒక్కటీ కనపడదేం?

దాతకి విసుగొస్తే అడుగున అన్‌సబ్‌స్క్రైబ్ ఉంటుంది. నొక్కి పోతాడు. ఫొటోలో ఉన్న పిల్ల ఎక్కడ నొక్కాలి? రేపు డిగ్రీకి విశాఖ వెళ్లినా ఆ ఫొటో ఎవరెవరి ఇన్‌బాక్సుల్లోనో ఉంటూనే ఉంటుంది. 18 ఏళ్లలోపు పిల్లల వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలని 2023 డేటా రక్షణ చట్టంలోనే ఉంది. వేలిముద్ర వేయించుకుంటే అది అనుమతి అయిపోదు. కువిలోనో ఆదివాసీ ఒడియాలోనో, వాళ్లకి తెలిసిన మాటల్లో చెప్పి అడగాలి. మెయిల్ వెళ్లేముందు రాసింది చదివి వినిపించాలి. వెళ్లాక ప్రింటు తీసి గ్రామసభలో పెట్టాలి. అసలు రాసే పనే మనకిస్తే ఇంకా మంచిది, చదువుకున్నవాళ్లం ఇంతమందిమి ఉన్నాం.

ఇదే మాట ఆ మెయిల్‌కి జవాబుగా పంపాం. తిరిగొచ్చింది. ఆ చిరునామాకి జవాబులు తీసుకోరట. అందుకే కాగితం మీద రాసి వచ్చే గ్రామసభకి పట్టుకెళ్తున్నాం. మీ ఊరి పిల్లల ఫొటోలు కూడా ఇలా కనిపిస్తే ఆ మెయిల్ చెరిపెయ్యకండి, దాచి మాకు పంపండి.