వ్రేలిముద్ర అభిప్రాయమగునా?

ప్రభుత్వ పాఠశాలల యాజమాన్య సంఘమునందు నాలుగింట మూడుపాళ్లు తల్లిదండ్రులును, మొత్తము సభ్యులలో సగము స్త్రీలును ఉండవలెనని 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము విధించినది. మనము చేయుచున్నదేమి? కూలికిఁ బోవు తల్లులను పగలు పదిగంటలకు రమ్మందుము. రానివారి యింటికిఁ బుస్తకము పంపి వ్రేలిముద్ర వేయింతుము. దానికి ఏకగ్రీవ తీర్మానమని పేరు! ఈ పాపమున నాకును పాలు కలదు.

మొన్న వార్షికోత్సవమునుగూర్చి పిల్లల నడుగఁగా నొక బాలిక, "డాన్సు బట్టలు కొనలేక మా అమ్మ నన్ను వారము బడి మానిపించిందండీ" యనెను. ఆ నృత్యమునకు మేమందఱము చప్పట్లు కొట్టితిమి.

పిల్లలకేమి తెలియునని తోడి యుపాధ్యాయులందురు. కూరలో ఉప్పెంతో తిన్నవాని నడుగక వండినవాని నడుగుదుమా? సభ సాయంకాలము పెట్టుఁడు. తీర్మానము వ్రాయకమునుపే తల్లుల నడుగుఁడు. పిల్లలచేఁ బేరు లేని చీటీలు వ్రాయించి, వానిని సభలోఁ బైకి చదువుఁడు. మనపైఁ గల నిందలను సైతము.