గ్రంథాలయపు ముంగిట ఆట

అక్షరము రాని రైతుకూడ తన ఇంటి పన్నుతోపాటు గ్రంథాలయ సుంకమును చెల్లించుచున్నాడు. అతనికి దక్కు ఫలమేమి?

నల్లగొండ వేసవిలో పగలు గడప దాటుట కష్టము. ప్రొద్దు క్రుంకి బండలు చల్లబడిన పిమ్మట, గ్రంథాలయపు ముంగిట చిందు యక్షగానమో ఒగ్గుకథయో ఆడించినచో ఊరంతయు కదలివచ్చును. ఈ సీమవాడే యైన సుద్దాల హనుమంతు 1940ల దశకమున గొల్లసుద్దులతో పల్లెలను మేల్కొలిపెను. ఆ సుద్దులు వినుటకు చదువు అవసరము కాలేదు.

1948 వరకు సాగిన నిజాము పాలనలో, 53వ గస్తీ వలన, సభ జరుపుటకే అనుమతి కావలసియుండెను. నేడు అడ్డేమున్నది? చదువరులకు సందడి యగునని కొందరందురు. పఠనవేళ ముగిసినపిదప ఆడించిన సరి!

ప్రవేశము ఉచితము కావలెను. కళాకారుని శ్రమ మాత్రము ఉచితము కారాదు. అతడు పళ్ళెము పట్టి జనములో తిరుగకుండ గ్రంథాలయమే తగిన పారితోషికము నీయవలెను. అది సుంకపు సొమ్ములో దుబారా కాదు.

ఆ రాత్రి లోపలి దీపము నార్పరాదు. ఆడిన కథ గల పుస్తకములను వాకిటి బల్లపై నుంచవలెను. బడికి పోవు పిల్ల ఒకటి ఇంటికి తీసికొనిపోయి చదివినచో, తల్లి పనిచేసికొనుచు వినగలదు.