దిగాక కాదు, ఎక్కకముందే ఇవ్వండి

పెద్దారవీడు మండల ప్రజలారా! మార్కాపురం, దోర్నాల, తర్లుపాడు తల్లిదండ్రులారా!

మన మండలం పిల్ల జర్మనీలో పీహెచ్‌డీ సీటు తెచ్చుకుంది. ఫీజు లేదు, నెలనెలా జీతం. ఊరంతా మురిసిపోయింది. పిల్ల వెళ్లి నెల తిరక్కముందే తండ్రి పొలం కాగితాలు పెట్టి నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చాడు. జీతమొచ్చే పిల్లకు అప్పేందని రచ్చబండ దగ్గర నవ్వినవాళ్లున్నారు. ఆ నవ్వు విన్నాకే ఈ కరపత్రం అచ్చేశాం.

నవ్విన పెద్దలు కాస్త వినండి. జర్మనీలో ఇల్లు దొరికిన రెండు వారాల్లోగా నగర కార్యాలయంలో చిరునామా నమోదు చేయించుకోవాలి. దానికి ఇంటి యజమాని సంతకం పెట్టిన కాగితం కావాలి. ఇల్లు ఇవ్వాలంటే యజమాని డిపాజిట్ అడుగుతాడు. మూడు నెలల అద్దె దాకా అడగొచ్చని అక్కడి చట్టమే చెబుతోంది. పన్ను నెంబరు, నివాస అనుమతి, చాలాచోట్ల బ్యాంకు ఖాతా కూడా ఆ నమోదు కాగితం చుట్టూనే తిరుగుతాయి. జీతం పడేది నెలాఖరుకు. అంతదాకా హాస్టల్లో మంచానికి రోజు లెక్కన కట్టాలి. అమెరికాలో పేర్లు వేరు, కథ ఇదే: సోషల్ సెక్యూరిటీ నెంబరు, అడ్వాన్సు, మొదటి స్టైపెండు కోసం ఎదురుచూపు. వాళ్ల పద్ధతి వాళ్లది, దాన్ని మనం మార్చలేం.

మన పద్ధతి సంగతేంది? 2022లో మన రాష్ట్రం తెచ్చిన జగనన్న విదేశీ విద్యాదీవెనలో డబ్బు నాలుగు వాయిదాల్లో ఇస్తామన్నారు. మొదటి వాయిదా ఎప్పుడయ్యా అంటే, పిల్లవాడు అక్కడ దిగి అమెరికా ఐ-94 ఇమ్మిగ్రేషన్ కార్డో, ల్యాండింగ్ పర్మిటో తెచ్చుకున్నాక! తెలంగాణ అంబేడ్కర్ విదేశీ విద్యానిధిలో రూ.20 లక్షలు ఇస్తామంటారు. అక్కడా మొదటి విడత ఇమ్మిగ్రేషన్ కార్డు చూపించాకే. విమానం టిక్కెట్టు, వీసా ఖర్చు ముందు మీరు పెట్టుకోండి, తర్వాత తిరిగిస్తామంటారు. పెట్టుకునే స్తోమత ఉన్నవాడు మిమ్మల్నెందుకు అడుగుతాడు? బావిలోకి దిగినోడికి నీళ్లు తాకాక తాడు ఇస్తామన్నట్టుంది. మన రాష్ట్ర పథకంలో రూ.8 లక్షల లోపు ఆదాయమున్న ఇంటికే సాయమని రాసిన చేత్తోనే ఈ షరతూ రాశారు. రాసిన అధికారి ఏనాడూ వడ్డీ వ్యాపారి గడప తొక్కి ఉండడు.

మాకిది కొత్త కాదు. వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన చేశారు. మన సుంకేసుల ముంపు జనం ఏళ్ల తరబడి అడిగిందీ ఇదే: ముందు ప్యాకేజీ డబ్బు చేతిలో పెట్టండి, తర్వాత ఊరు ఖాళీ చేస్తాం. కదిలేవాడికి కదలకముందే డబ్బు కావాలన్న ఇంగితం ఈ ప్రభుత్వాలకు ఇంకెప్పుడొస్తుంది?

శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు కథ చెప్పి పిల్లలకు ధైర్యం నూరిపోసే వక్తలకో మాట. కాకినాడ సత్యలింగ నాయకర్ ధర్మనిధి, మామగారి సాయం వెనక ఉండబట్టే ఆయన అమెరికాకు ఓడ ఎక్కగలిగాడు. రసీదు చూపించాక ఇస్తామని వాళ్లూ అనుంటే బోస్టన్ ముఖం చూసేవాడు కాదు. ఆ డబ్బు చాలక అక్కడి ఆస్పత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రాల పాత్రలు కడిగాడు. దాన్ని మీరు త్యాగమంటారు. మేం దండగంటాం. 1925లో శాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతి కనిపెట్టిన చేతులవి!

ముందే ఇస్తే డబ్బు మింగి పోకుండా ఉంటారా అంటారు. పాస్‌పోర్టు నెంబరు, వీసా, తండ్రి ఆధార్ అన్నీ మీ దగ్గరే ఉన్నాయి. ఎక్కడికి పోతాడు? ఎన్నారైలు చూసుకుంటారులే అంటారు. డల్లాస్‌లో చూసుకుంటారేమో, జర్మనీ చిన్న ఊళ్లో ఎవరున్నారు?

కాబట్టి వీసా పడిన వారంలోగా మొదటి వాయిదా ఇవ్వాలి. పథకం పేరు ఏదైనా పెట్టుకోండి, ఏ పార్టీ బొమ్మైనా వేసుకోండి. ఫీజు లేదన్న సాకుతో జీతం మీద వెళ్లే పరిశోధక విద్యార్థులను పక్కన పెట్టొద్దు. వాళ్లకు కావాల్సింది లక్షల ఫీజు కాదు, మూడు నెలలు నిలదొక్కుకునే డబ్బు. వడ్డీ లేకుండా ఇచ్చి, జీతం మొదలయ్యాక నెలకింత చొప్పున వసూలు చేసుకోండి. నియామక పత్రం చూసి ఆ పాటి అప్పు పూచీకత్తు లేకుండా ఇవ్వమని బ్యాంకులకూ చెప్పండి.

ఇక్కణ్నుంచి వెళ్లి స్థిరపడినవాళ్లూ వినండి. సంక్రాంతికి ఫ్లెక్సీలు కట్టించే బదులు మన ఊరి పిల్లకు మొదటి నెల మీ ఇంట్లో ఒక గది ఇవ్వండి, చాలు.

వచ్చే సోమవారం కలెక్టర్ గారికి అర్జీ ఇస్తున్నాం. పొద్దున ఏడు గంటలకల్లా పెద్దారవీడు మండల కార్యాలయం దగ్గరికి రండి. పిల్లల్ని పంపడానికి అప్పు చేసినవాళ్లు నోటు జిరాక్సు వెంట తెచ్చుకోండి. వడ్డీ ఎంతో అందులో కనపడాలి.

— పెద్దారవీడు మండలం నుంచి విదేశాల్లో చదువుతున్న పిల్లల తల్లిదండ్రులు