స్వదేశ శిక్షకుడు

2025వ సంవత్సరము ఆగస్టు 1వ తేదీన శ్రీ ఖాలిద్ జమీలుగారు భారత పురుషుల ఫుట్‌బాలు జట్టునకు ప్రధాన శిక్షకులుగా నియమింపబడిరి. పదుమూడేండ్ల పిమ్మట ఆ పదవి యొక భారతీయునకు దక్కెను. నాడు దేశాభిమానులు చప్పట్లు చరచిరి. మూడు మాసములైనను నిండక పూర్వమే ఆసియా కప్పు అర్హత పోటీలలో మన జట్టు ఓడిపోగా ఆ చప్పట్లే చీవాట్లయినవి. రెండును తొందరపాటు పనులేయని మా యభిప్రాయము.

ఆటగాడు శిక్షకుడగుట సులభమని పలువురు తలంతురు. కాలు ఆడినంత మాత్రమున నోరు పాఠము చెప్పజాలదు. జమీలుగారు 1977లో కువైటునందు జన్మించి, బొంబాయిలోని మహీంద్రా యునైటెడ్, ఎయిరిండియా జట్లలో మధ్యశ్రేణి నాడిరి. దేశము పక్షమునను ఆడిరి. గాయములు వారి యాటకు పలుమార్లు అడ్డుతగిలినవి. 2009లో ముంబై ఎఫ్.సి.కి శిక్షకులై యేడు సంవత్సరము లచటనే యుండిరి. ఆ జట్టునకు ధనబలము స్వల్పము. అయినను వారున్నంతకాల మది పై తరగతి నుండి జాఱలేదు; వారు విడిచిన మఱుసటి పోటీలోనే యట్టడుగున నిలిచినది.

అటుపిమ్మట వారు మిజోరమునకు బోయిరి. ఐజాల్ జట్టు 2016లో క్రింది తరగతికి ద్రోయబడి, కొన్ని గోవా జట్లు తప్పుకొనుటచే మరల చేర్చుకొనబడినది. అట్టి జట్టును జమీలుగారు 2017 ఏప్రిలు 30వ తేదీన ఐ-లీగు విజేతగా నిలిపిరి. 37 పాయింట్లతో ఐజాల్ ప్రథమస్థానము నందగా, మోహన్ బగాన్ వంటి సంపన్నమైన జట్టు 36తో వెనుకనుండెను. ఈశాన్య భారతమునకు ఆ గౌరవము దక్కుట అదియే ప్రథమము. తర్వాత కలకత్తాలోని పెద్ద జట్లలో వారికి నిలుకడ దొరకలేదు. 2021లో నార్త్ ఈస్ట్ యునైటెడ్ జట్టును పోటీల నడుమ చేపట్టి, ఇండియన్ సూపర్ లీగులో సెమీఫైనలు వఱకు నడిపిరి. 2025లో జంషెడ్‌పూరు జట్టును అదే దశకు గొనిపోయిరి. ఇది ఆకస్మికముగా వచ్చిన కీర్తి కాదు. మెట్టుమెట్టుగా నెక్కిన కొండ.

స్వదేశీయుడు ఈ పని చేయజాలునా యని సందేహించువారు హైదరాబాదు చరిత్రను జ్ఞప్తికి దెచ్చుకొందురు గాక. సయ్యద్ అబ్దుల్ రహీముగారు బడిపంతులు. ఆయన చేతిలో హైదరాబాదు పోలీసు జట్టు 1950 మొదలు 1954 వఱకు వరుసగా ఐదుమార్లు రోవర్స్ కప్పును గెలిచినది. భారతజట్టు 1951లో ఢిల్లీయందును, 1962లో జకార్తాయందును ఆసియా క్రీడల స్వర్ణపతకము నందినది; 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్సునందు నాలుగవ స్థానమున నిలిచినది. జకార్తాలో తలకు గాయమైయున్న రక్షణశ్రేణి వీరుడు జర్నైల్ సింగును ముందువరుసకు బంపి గోలు రాబట్టిన యుపాయము రహీముగారిదే. ఆ దినమున మఱియొక గోలు చేసిన ప్రదీప్ కుమార్ బెనర్జీ అనంతరము తానును ప్రసిద్ధ శిక్షకుడయ్యెను. ఒక గురువు నుండి మఱియొక గురువు పుట్టుట యన నిట్టిది. రహీముగారు 1963లో క్యాన్సరు వ్యాధితో దివంగతులైరి. ఆ పరంపరను నిలుపుకొను శ్రద్ధ మనకు లేకపోయెను.

విదేశ శిక్షకులవలన మేలు కలుగలేదని మేమనము. బాబ్ హౌటన్ కాలమున మన జట్టు 2011 ఆసియా కప్పున కర్హత బడసినది. స్పెయిను దేశస్థుడు మనోలో మార్క్వెజ్ శిక్షణలో హైదరాబాదు జట్టు 2022లో సూపర్ లీగు గెలిచినది. విద్యకు జాతిభేదము లేదు. కాని పరదేశపు గురువునకు కాల మిచ్చి, ధన మిచ్చి, ఓటమి వచ్చినప్పుడు సాకు గూడ నిచ్చువారు, స్వదేశ గురువునకు మాత్రము రెండు మాసముల గడువే యిత్తురా? ఇది న్యాయము గాదు.

లెక్క చూతము. అర్హత పోటీలలో 2025 మార్చిలో బంగ్లాదేశముతో గోలు లేని సమము, జూనులో హాంగ్‌కాంగుచేతిలో ఓటమి, ఈ రెండును జమీలుగారు రాకమునుపే జరిగినవి. వారు వచ్చిన నెలలోనే తజికిస్థానమును దాని స్వదేశమందే 2-1తో గెలిచి, సెప్టెంబరులో ఒమానును పెనాల్టీలలో నోడించి, మధ్య ఆసియా పోటీలో మన జట్టు మూడవ స్థానము నందినది. పిదప అక్టోబరు 14వ తేదీన గోవాయందు సింగపూరుచేతిలో 1-2తోను, నవంబరులో ఢాకాయందు బంగ్లాదేశముచేతిలో 0-1తోను ఓడిపోతిమి. ఈ యోటములలో శిక్షకుని పాలు లేదనలేము. ముందంజ వేసియు గోవాలో ఆట నేల నిలుపుకొనలేకపోతిమో ఆయన సమాధానము చెప్పవలసినదే. కాని అదే సంవత్సరము జులైలో ఒప్పందముల తగవుచే దేశములోని ప్రధాన లీగే నిలిచిపోయినది. పోటీలు లేని యాటగాండ్రతో పోటీ గెలువుమనుట, ఎద్దులను విప్పివేసి దున్నుమనుట వంటిది.

కాబట్టి ఫుట్‌బాలు సమాఖ్యవారిని మేము కోరునది యేమనగా: శిక్షకుని నియమించినచో నాలుగేండ్ల కాలము నిర్ణయింపుడు, ఆ కాలమున దేశీయ పోటీలను నిరాటంకముగా జరిపింపుడు, జిల్లా జిల్లాయందు ఆట మానిన క్రీడాకారులకు శిక్షకవిద్య నేర్పి జీతమిచ్చి బడులకు బంపుడు. మన పట్టణప్రముఖులకు గూడ నొక మాట. పురమందిరములలో ఉపన్యాసము లిచ్చుటకంటె, ఊరి బడి మైదానము నాక్రమణకు గురిగాకుండ కాపాడుట మేలు. అచట బంతి తన్ను పిల్లలలో నింకొక రహీముండవచ్చును. ఆ మైదానమే లేకున్న వాని పేరు మనకెన్నటికిని తెలియదు.