వాద్యమును కాపాడుట

అవనద్ధ వాద్యములలో స్నేర్ డ్రమ్ముది విలక్షణమైన నాదము. క్రింది చర్మమున కానియుండు తంత్రుల వలన ప్రతి దెబ్బకును గరగరమను ధ్వని పుట్టును. పాశ్చాత్య దేశములలో ప్రాచీనమైన స్నేర్ డ్రమ్ములను సేకరించువారు పలువురు కలరు. 1920 ప్రాంతముల షికాగోలో లుడ్విగ్ సంస్థవారు చేసిన ‘బ్లాక్ బ్యూటీ’ వారికి పెన్నిధి. ఇత్తడి వలయమునకు నల్లని నికెల్ పూత పూసి, దానిపై లతలు చెక్కగా లోని ఇత్తడి బంగారువలె మెరయును. 1930 దశకమునాటి స్లింగర్‌లాండ్ ‘రేడియో కింగ్’ అట్లుగాక, ఒకే మేపుల్ పలకను ఆవిరితో వంచి చేసినది.

ఇట్టి వస్తువులను కొని దాచుట మాత్రమే కాపాడుట కాదు. వెలిసిన పూతను గీకి క్రొత్తపూత వేయించినచో ఆనాటి పనివాని చేతిగుర్తు చెరిగిపోవును. 1957 ప్రాంతమున ప్లాస్టిక్ పొరలు వచ్చువరకు ఈ డ్రమ్ములకు దూడతోలే బిగించెడివారు. తేమగాలికి అది సడలును, పొడిగాలికి బిగియును. ఆ తోలును, ప్రేగు తంత్రులను పారవేయుట ఆ కాలపు నాదమునకు సాక్ష్యమును పారవేయుటయే.

వాయించిన అరిగిపోదా యని కొందరందురు. పాత తోలును విప్పి భద్రపరచి, క్రొత్త దూడతోలు బిగించి వాయింపవచ్చును. అది నేటికిని దొరకుచున్నది. తాళపత్ర గ్రంథమును పరిష్కరించు పండితుడు తాను దిద్దిన పాఠమును దాచడు. మూలమును అడుగున చూపును. సేకరించువానికిని అదే ధర్మము. మార్చిన ప్రతి మరను వ్రాసిపెట్టవలెను. పాతదానిని వాద్యముతోనే ఉంచవలెను. అప్పుడప్పుడైనను సంగీత విద్యార్థులకు వినిపింపవలెను. అద్దాల బీరువాలో చూచిన డ్రమ్ము వలన వారికి దాని రూపమే తెలియును.